కుడి పక్క స్టూడియో, ఎడమ పక్క డాక్టరు

ఆ రోజుల్లో మా వైపు మనుషులు జ్వరం వస్తే వీధంతా చెప్పుకునేవారు, కడుపునొప్పి వస్తే బంధువులందరికీ కబురు పెట్టేవారు, ఒంటి మీద మచ్చ లేస్తే మాత్రం కట్టుకున్న పెళ్ళానికి కూడా చెప్పేవారు కాదు. పంటి నొప్పికి దవడ పట్టుకుని బజారంతా తిరిగితే అయ్యో పాపం అనేవాళ్ళే గాని, నడుం దగ్గర ఒకసారి గోక్కుంటే చాలు, పక్కనున్నవాడు మెల్లగా బెంచీ చివరికి జరిగేవాడు. ఇందులో జనం తప్పు కొంత, చర్మం డాక్టర్ల బోర్డుల తప్పు కొంత అని నా అభిప్రాయం. ఏ ఊళ్ళో చూసినా ఆ బోర్డు మీద ఒకటే వరస: చర్మ, కుష్ఠు, సుఖవ్యాధుల నిపుణులు. మొదటి మాట కోసం మెట్లెక్కేవాణ్ణి చూసి, కింద టీ తాగేవాళ్ళు మూడో మాట చదువుకునేవారు. తొంభైల చివర్లో, నాకు పెళ్ళి కుదిరిన ఏడాది, ఆ మూడో మాట పెట్టిన తిప్పలు ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం ఏడుపొక్కటే తక్కువ.

మాది పుంగనూరు. పొద్దున్నే బస్సెక్కి మదనపల్లెకు పోయి, ఒక పట్టుచీరల అంగడిలో చీరలు చూపించే ఉద్యోగం చేసి, చీకటి పడ్డాక తిరిగొచ్చేవాణ్ణి. తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవాలి, ఎదురుగా ఉన్న ఆడవాళ్ళు వద్దన్న చీరలన్నీ నవ్వుతూ మడత పెట్టాలి. అదీ ఉద్యోగం. మొదటి జీతంతో ఒక జీన్స్ ప్యాంటు కొన్నాను. జీన్స్‌ను ఉతికితే దాని రంగుతో పాటు మన గౌరవం కూడా పోతుందని ఎవరో చెప్పారు (ఎవరు చెప్పారో గుర్తు లేదు గాని, ఉతికే బాధ తప్పుతుంది కాబట్టి వెంటనే నమ్మాను). ఎండాకాలం, కిక్కిరిసిన బస్సు, ఊపిరాడని ప్యాంటు. దానికి తోడు అంగడిలో మొహాలు తుడుచుకోవడానికి పనివాళ్ళందరికీ కలిపి ఒకటే తువాలు. కొన్నాళ్ళకు బెల్టు కింద రూపాయి బిళ్ళంత ఎర్రటి మచ్చ లేచింది. మధ్యలో మామూలుగా, అంచు మాత్రం ఎత్తుగా, గిరి గీసినట్టుంది. మా అమ్మతో వేడి చేసిందని చెప్పాను. మా ఇంట్లో వేడి అంటే ఇక ప్రశ్నలుండవు, మజ్జిగ ఉంటుంది. చెంబులకు చెంబులు తాగాను. మచ్చ చల్లబడలేదు.

తామర దురదకు ఒక గుణం ఉంది. ఒంటరిగా ఉన్నప్పుడు నిద్రపోతుంది, నలుగురిలో కూర్చున్నప్పుడు లేస్తుంది. పెళ్ళికూతురికి చీర కొనడానికి ఇంటిల్లిపాదీ వచ్చి కూర్చుని, నేను కొంగు పరిచి జరీ చూపిస్తున్నప్పుడే మొదలయ్యేది. "ఇంకా మంచి రకం పైన ఉండాదమ్మా, తెస్తా" అని మేడ మీద సరుకు గదికి పరిగెత్తి, బీరువా మూలకు నడుం ఆనించి, కళ్ళు మూసుకుని ఎలుగుబంటిలా రాసుకుని, చేతికందిన చీర ఒకటి చంకన పెట్టుకుని దిగేవాణ్ణి. మా సావుకారు ఇదంతా చూసి మురిసిపోయేవాడు. "సూడండప్పా, ఈ పిల్లోడు ఎన్నిసార్లయినా మెట్లెక్కతాడు, ఇసుక్కోడు" అని మిగతా పనివాళ్ళకు నన్ను చూపించేవాడు. తామర వల్ల నాకు కలిగిన మొదటి లాభం ఆ మంచి పేరే.

చివరికి ఒకరోజు ధైర్యం చేసి మందులంగడికి పోయాను. ముందుకు వంగి, గొంతు తగ్గించి, మచ్చ అన్నాను. "యాడ?" అన్నాడు అక్కడి అన్న, గొంతు ఏమాత్రం తగ్గించకుండా. నడుం చూపించాను. "ఆడనా. అయితే ఇది పూయి. ఊరంతా ఇదే తీసుకుపోతాండారు" అని ఒక ట్యూబు చేతిలో పెట్టాడు. పూసిన రెండు రోజులకే దురద మాయమైపోతే, డాక్టరు చదువు చదివినవాళ్ళంతా అన్నేళ్ళు ఏం చదువుతారో అనుకున్నాను. వారం తిరక్కుండానే మచ్చ మళ్ళీ వచ్చింది, ఈసారి బంధువులతో. మళ్ళీ పూశాను, మళ్ళీ పోయింది, మళ్ళీ ఇంకా పెద్ద కుటుంబంతో దిగింది. అలా ట్యూబు మీద ట్యూబు అయిపోతుండగా అది వీపెక్కి, మెడ దగ్గర కాలరు పైనుంచి లోకాన్ని చూడ్డం మొదలుపెట్టింది. నేను చొక్కా పై గుండీ పెట్టుకుని, మెడకు తువాలు చుట్టుకుని తిరిగాను. నడివేసవిలో.

మెడ మీది మచ్చను మా అవ్వ కనిపెట్టింది. అవ్వకు చూపు తగ్గింది గాని, ఎవరైనా ఏదైనా దాస్తున్నారంటే మాత్రం గోడ అవతలి నుంచి కూడా కనిపించేది. తెల్లగడ్డలు, అదే వెల్లుల్లి, దంచి మెడకు పట్టించింది. "మండతాంది అవ్వా" అంటే "మండితేనే మందు పని జేస్తాండాదని అర్థం, కదలాకు" అంది. పొద్దుటికి ఆ చోట నీటిబొబ్బలు లేచాయి. అవి చూసి అవ్వ, "ఇది తామర కాదు, అక్కి" అని తీర్పు మార్చింది. అక్కి లేస్తే కుమ్మరాయన చేత ఎర్రమన్నుతో ఒంటి మీద సింహం బొమ్మ రాయించుకోవడం మా వైపు ఆచారం. సింహాన్ని చూసి అక్కి పారిపోతుందని నమ్మకం. కుమ్మరాయన వచ్చి నా మెడ నుంచి వీపు దాకా ఒక సింహాన్ని రాశాడు. పిల్లిలా ఉందని మా చెల్లెలు అంది (ఆ పూట దానికి అన్నం పెట్టొద్దని అవ్వ అమ్మకు చెప్పింది). ఎర్రమన్ను చల్లగా, హాయిగా ఉన్న మాట నిజం. మర్నాడు అంగడిలో చెమటకు సింహం కరిగి కాలరు మీదికి, అక్కణ్ణుంచి తెల్ల దుప్పటి మీదికి దిగింది. ఇదేందప్పా అన్న సావుకారుకు కుంకుమ అని చెప్పాను. ఆయన నా భక్తిని కూడా మెచ్చుకున్నాడు.

ఇక డాక్టరే గతి అనుకున్నాను. మదనపల్లెలో చర్మం డాక్టరు ఒకాయన మేడ మీద ఉండేవాడు. మెట్లెక్కగానే ఎడమ పక్క తలుపు ఆయనది, కుడి పక్క తలుపు ఒక ఫోటో స్టూడియోది. కింద టీ అంగడి. పుంగనూరు బస్సు కోసం కాచుకునేవాళ్ళంతా టీ గ్లాసు పట్టుకుని ఆ మెట్లకేసే చూస్తూ నిలబడేవారు. మొదటిసారి ఎక్కి, ఎడమ తలుపు మీద చెయ్యి వేయబోతుంటే వెనక నుంచి "ఏమప్పా, ఈడేం పని?" అని వినిపించింది. మా వీధి టైలరు. నా కాళ్ళు వాటంతటవే కుడి పక్కకు తిరిగాయి. "ఫోటో దిగేదానికి, అన్నా" అన్నాను. అన్నాక దిగాలి కదా, దిగాను. రెండోసారి నాకు లెక్కలు చెప్పిన అయ్యవారు కనబడ్డారు. అదే స్టూలు, అదే నీలం తెర. మూడోసారి నన్నెవరూ పలకరించలేదు, ఎవరో దగ్గినట్టనిపించి నేనే కుడి పక్కకు తిరిగిపోయాను. స్టూడియో ఆయన ఏమీ అడక్కుండా స్టూలు సర్ది, "మెడ మీది తువాలు తీసెయ్యప్పా. ఇంక కదలాకు" అన్నాడు. కదలొద్దు అనగానే వీపు మధ్యలో, చెయ్యి అందని చోట, మొదలైంది. పళ్ళు బిగబట్టి, ఊపిరి ఆపి, చూపు ఎక్కడో దూరంగా నిలబెట్టాను. ఆయన అప్పుడే నొక్కాడు.

ఆ మూడో ఫోటో మా అమ్మ చేతికి చిక్కింది. అమ్మ చేతి నుంచి సంబంధాలు చూసే ఆయన సంచిలోకి, ఆ సంచిలోంచి మదనపల్లెలో ఎరువుల అంగడి నడిపే ఒకాయన ఇంటికి పోయింది. ఆయనకు నిమ్మకాయలు నిలబెట్టేంత మీసాలుండేవి, అందుకే మేం మీసాల మామ అనుకునేవాళ్ళం. పెళ్ళిచూపుల్లో ఆ ఇంటి అమ్మాయి తలెత్తి నేరుగా నన్ను చూసి, "ఫోటోలో అంత సీరియస్‌గా యాల ఉండారు?" అని అడిగింది. "ఏదో ఆలోచిస్తాంటి" అన్నాను. నవ్వింది. ఆ నవ్వు చూశాక నాకు వేరే సంబంధం మాట వినాలనిపించలేదు. తాంబూలాలు మార్చుకున్నారు. ముహూర్తం పెట్టారు. నేను ఆనందంగా ఇంటికొచ్చి పడుకోబోతే, మా అమ్మ నలుగుకు ఎవరెవర్ని పిలవాలో అవ్వతో మాట్లాడుతూ వినిపించింది. నలుగంటే పెళ్ళికొడుకును చొక్కా విప్పించి పీట మీద కూర్చోబెట్టి, మేనత్తలు, పిన్నమ్మలు, వీధిలో ముత్తైదువలు అందరూ వంతులవారీగా నూనె, పసుపు రుద్దడం. నా వీపును వాళ్ళు చూడ్డమంటే పుంగనూరు మొత్తం చూసినట్టే. పెళ్ళికొడుకు ఒంటి మీద ఏదో ఉందట అన్న మాట నాకంటే ముందు బస్సెక్కి మదనపల్లె చేరుతుంది. ఆ అమ్మాయి నాకు దక్కదని ఆ పూట నిజంగా భయపడ్డాను.

పుంగనూరులో అందరూ తెలిసినవాళ్ళే, మదనపల్లెలో కింద టీ అంగడి ఉంది, పలమనేరులో మా మేనత్త ఉంది. మిగిలింది కుప్పం. అక్కడికి ఆదివారాలు బెంగుళూరు నుంచి రైల్లో ఒక చర్మం డాక్టరమ్మ వస్తుందని విన్నాను. స్నేహితుడి పెళ్ళని ఇంట్లో చెప్పి బయల్దేరాను. స్టేషను దారిలో చిన్న గది, ముందు వరండాలో రెండు బెంచీలు, తలుపు బదులు పచ్చ తెర. కాంపౌండరు పేరడిగితే మునస్వామి అని చెప్పి (అసలు పేరు చెప్పడానికి అంత దూరం పోవాలా), తువాలు సరిచేసుకుని ఒక మూల కూర్చున్నాను. ఎదురు బెంచీ మీద ఒకాయన ముక్కు కింది నుంచి గడ్డం దాకా తువాలు కట్టుకుని, గోడకేసి తిరిగి ఉన్నాడు. ఈయన రోగమేమిటో పాపం అనుకుంటూ కిందికి చూశాను. కాళ్ళ దగ్గర పసుప్పచ్చ సంచి. సంచి మీద మీసాల మామ ఎరువుల అంగడి పేరు పెద్దక్షరాల్లో అచ్చేసి ఉంది. సరిగ్గా అప్పుడే ఆయన నా చొక్కా చూశాడు. తాంబూలాలప్పుడు వాళ్ళు పెట్టిన బట్టతో కుట్టించుకున్నది, ఆ చారలు ఎంచింది ఆయనే. ఇద్దరి కళ్ళూ తువాళ్ళ మీదుగా కలుసుకుని వెంటనే విడిపోయాయి. ఆయన తలెత్తి బోర్డు చదివాడు. నా గురించి మూడో మాట దగ్గర ఆగాడని నాకు తెలుసు, ఎందుకంటే ఆయన గురించి నేనూ అక్కడే ఆగాను. పెళ్ళి పోయిందనుకున్నాను. ఆ పూట దురద కూడా రాలేదు.

"మునస్వామీ" అని పిలిచాడు కాంపౌండరు. ఎవరూ లేవలేదు. "కిష్టప్పా" అని పిలిచాడు. దానికీ ఎవరూ లేవలేదు. "పేర్లు చెప్పి యాడికి పోయినారప్పా వీళ్ళు" అని విసుక్కుని, శాంతిపురం నుంచి వచ్చిన ఒక పెద్దాయన్ని లోపలికి పంపాడు. అంతవరకు డాక్టరమ్మ ప్రతి మాటా వరండా దాకా వినిపించింది, ఆ పెద్దాయన లోపలికి పోయాక మాత్రం గొంతు తగ్గించింది. అయితే ఆయనే బయటికొచ్చి, నా బెంచీ మీద కూర్చుని, అడక్కుండానే చెప్పాడు. "చేతి మింద తెల్లగా మచ్చ ఉండె. నవ లే, గోకేది లే, నొప్పి లే, గిల్లినా తెలీదు. బాధ లేదు గదా అని ఊరకుంటి. బాధ తెలీని మచ్చకే ముందు రావాలంటప్పా. కుష్టంట. గవర్నమెంటు ఆస్పత్రిలో మాత్రలు ఊరికే ఇస్తారంట, మింగితే పూర్తిగా పోతాదంట." చీటీ మడిచి జేబులో పెట్టుకుని, శాంతిపురం బస్సు ఎప్పుడుందో కనుక్కుని నెమ్మదిగా వెళ్ళిపోయాడు. అంత పెద్ద పేరున్న రోగాన్ని ఆయన నలుగురిలో నోరారా చెప్పి పోతే, తామర పట్టిన నేను దొంగపేరుతో కూర్చున్నాను. నిజంగా సిగ్గేసింది.

ఎదురుగా మామ కూడా కదిలాడు. "కిష్టప్ప నేనే" అని లేచి లోపలికి పోయాడు. "తువాలు తీయప్పా" అంది డాక్టరమ్మ. "ఏం పూసినావు మీసానికి? రంగా? మొదటిసారి ఏసినప్పుడు నవ పుట్టిందా లేదా? పుట్టినా మళ్ళీ ఏసినావు. యాల?" మామ గొంతు మొదటిసారి స్పష్టంగా వినిపించింది. "మా అమ్మి పెండ్లి ఉండాది తల్లీ." "పెండ్లి అమ్మికి గదప్పా, మీసానికి కాదే. ఈ రంగు నీకు పడదు, ఇంకెప్పుడూ ఏయొద్దు. పెదవి వాచి నీరు కారిన దినమే రావాల. కండ్లు మూసుకుపోయినా, ఊపిరి పట్టేసినా ఒక్క గడియ ఆగకుండా పెద్దాస్పత్రికి పోవాల. ఇప్పటికి మీసం తీసెయ్యి, మందు పూసేదానికి చర్మం కనపడాల." "మీసమా తల్లీ?" అన్నాడు మామ. తర్వాత "సరే తల్లీ" అన్నాడు. మళ్ళీ తువాలు కట్టుకుని బయటికొచ్చి, నాకేసి చూడకుండా నిలబడ్డాడు.

నేను లోపలికి పోయి చొక్కా విప్పి, ట్యూబు చూపించాను. డాక్టరమ్మ దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని చూసింది. "ఇది తామరను సంపదు నాయనా. పైన నవ అణిచిపెట్టి, లోపల దానికి మేత ఏస్తాది. ఇంకొన్నాళ్ళు పూసుంటే చర్మం పల్చబడి చారలు పడుండు. ఒక మచ్చ ఉన్నప్పుడే రావాల, ఇంత యాల పెంచుకుంటివి?" బోర్డు సంగతి చెప్పాను. ఆమె తిట్టలేదు. "అందరూ అదే చెప్తారు" అంది. తర్వాత మాత్రం వదల్లేదు. బిగుతు ప్యాంటు మానాలి, తువాలు ఎవరిది వారికే, బట్టలు ఉడుకునీళ్ళలో ఉతికి తిరగేసి ఎండలో ఆరేయాలి, ఇంట్లో ఇంకెవరికైనా ఉంటే వాళ్ళనూ తీసుకురావాలి, మచ్చ పోయినట్టు కనిపించినా తను చెప్పేదాకా మందు ఆపకూడదు. "జీన్సు ఉతకనే ఉతకవా?" అని అడిగినప్పుడు బయట ఎవరో నవ్వారు. "నలుగులోపల తగ్గతాదా అమ్మా?" అని అడిగాను. "తగ్గతాది. తామరకు పెండ్లి యాడన్నా ఆగిపోతాదా అప్పా, ధైర్యంగా పో" అంది. ఆ మాట కోసం ఎన్ని నెలలు తిరిగానో. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

బయటికొస్తే మామ మెట్ల దగ్గర కాచుకుని ఉన్నాడు. "మునస్వామీ, టీ తాగుదాం రా" అన్నాడు. అంతే, ఇద్దరం పగలబడి నవ్వాం. ఆయన వాచిన పెదవితో నవ్వలేక బాధపడుతూ నవ్వాడు. టీ దగ్గర అంతా చెప్పాడు. "నేనూ మదనపల్లెలో ఆ మెట్లెక్కినా అల్లుడా. మా అంగట్లో యూరియా కొనే రైతు ఎదురుపడె. కుడి పక్కకు తిరిగిపోతి. ఫోటో తీసేటాయన తువాలు తీయమంటే, రేటు కనుక్కునేదానికి వచ్చినా అని దిగొచ్చేస్తి." కుప్పం ప్రయాణానికి ఇంట్లో ఆయన చెప్పింది వేరే కథ: ఇంటి ముందరి అరుగుకు గ్రానైట్ రాళ్ళు చూసి వస్తానని. ఆ అబద్ధం నిలబెట్టడానికి ఇద్దరం ఒక రాళ్ళ ఫ్యాక్టరీకి పోయి, పలక ముక్క ఒకటి కొని, బస్సులో ఒడిలో పెట్టుకుని వంతులవారీగా మోశాం. దిగేముందు ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "మా అమ్మికి చెప్పాకు అప్పా. నా గుట్టు నువ్వు దాచు, నీది నేను దాస్తా." సరేనన్నాను.

మచ్చలు వాడిపోయాయి. పెళ్ళికి ముందు మళ్ళీ కుప్పం పోయి చూపించుకున్నాను, ఈసారి నా పేరుతోనే. నలుగు రోజు వీపు మీద లేత గోధుమరంగు నీడలు తప్ప ఏమీ లేవు. అవ్వ పసుపు రుద్దుతూ చేత్తో తడిమి, "సూస్తిరా, నా సింహం ఎట్ల తరిమిందో" అని అందరికీ చెప్పింది. కాదనే ధైర్యం నాకు లేదు. పెళ్ళిలో మామ నున్నటి మూతితో నిలబడితే సగం మంది చుట్టాలు ఆయన్ని గుర్తుపట్టక, పెళ్ళికూతురి తండ్రి యాడ అని ఆయన్నే అడిగారు. తర్వాత మీసం తెల్లగా పెరిగింది. రంగు మళ్ళీ తాకలేదు. ఆ తెల్ల మీసంతోనే ఆయన బాగుండేవాడు. గ్రానైట్ ముక్క మా ఇంటికి చేరింది, మా ఆవిడ దాని మీద చపాతీలు రుద్దుతుంది.

చాలా ఏళ్ళ తర్వాత ఒకనాడు ఆ రాయి కడుగుతూ మా ఆవిడ, "కుప్పం పోయి రాయి తెచ్చిన మునస్వామి మీరే కదా" అంది. నేను కూర్చున్నవాణ్ణి లేచాను. వాళ్ళ నాయన ఆ సాయంత్రమే, ఇంటి గడప దాటగానే, మొత్తం చెప్పేశాడట. "మరి నువ్వేమన్నావు?" అని అడిగాను. "మా నాయన కూడా అదే అడిగినాడు, ఏం చేద్దాం అమ్మీ అని. డాక్టరు దగ్గిరికి పోయినాడు కదా నాయనా, ఇంకేం భయం అంటి" అంది, చపాతీ పిండి కలుపుకుంటూ.

ఆ మూడో ఫోటో ఇప్పటికీ మా ఇంట్లో గోడ మీద ఉంది. వచ్చినవాళ్ళు చూసి, వయసులో ఉన్నప్పుడు బాగా ఆలోచనాపరులండీ మీరు అంటుంటారు. ఆ బిగబట్టిన పళ్ళు, దూరంగా నిలబెట్టిన ఆ చూపు, గొంతు దాకా పెట్టిన గుండీ చూస్తే నాకు జాలేస్తుంది. ఒరే, అది మామూలు తలుపురా, ఎడమ పక్కకు తిరిగితే అయిపోతుంది కదా, నెలల తరబడి ఎందుకురా ఈ యాతన అని చెప్పాలనిపిస్తుంది. ఇంతలో వంటింట్లోంచి ఆ రాయి మీద చపాతీ రుద్దుతున్న చప్పుడు వినిపిస్తుంది. వాడు ఎడమకు తిరిగి ఉంటే ఈ ఫోటోనే లేదు, ఆ చప్పుడూ లేదు. పోనీలే, ఈ ఒక్కసారికి కుడి పక్కకే పో అని వాణ్ణి వదిలేస్తాను.